ఈర్ష్యా, అసూయా: లోపలి మంట ఏదో గుర్తుపట్టి, దానికి తగినట్లు నడుచుకోవడం ఎలా

స్నేహితుడికి మనం ఎంతో కాలంగా కోరుకుంటున్న ఉద్యోగం వచ్చిందని విన్నప్పుడు గుండెలో కలుక్కుమనేది ఒక బాధ. అదే స్నేహితుడు కొత్తగా పరిచయమైన మరొకరితో గంటల తరబడి మాట్లాడుతూ, మనం ఫోను చేస్తే తీయకపోయినప్పుడు కలిగేది ఇంకొక బాధ. రెండూ చురుక్కుమంటాయి, రెండూ నిద్ర పట్టనివ్వవు, రెండింటిలోనూ మరొకరు ఎవరో మనకంటే మెరుగన్న భావన ఎంతో కొంత ఉంటుంది. అందువల్లనేమో, తెలుగులో మనం ఈ రెండింటినీ ‘ఈర్ష్యాసూయలు’ అని ఒక్క ఊపిరిలో అనేసి ఊరుకుంటాం. ఇంగ్లీషు మాట వాడేవారు కూడా ‘జెలసీ’ అనే ఒక్క పదంతోనే రెండింటినీ సరిపెట్టుకుంటారు.

మాట దగ్గర జరిగే ఈ కలగాపులగం మాటతోనే ఆగిపోతే ఇంత వివరంగా రాయవలసిన అవసరం ఉండేది కాదు. మొదటి బాధకు పనికివచ్చే ఉపాయం రెండో బాధకు పనికిరాదు, ఒక్కోసారి దాన్ని మరింత పెంచుతుంది కూడా. తనలో ఉన్నది అసూయ అయితే మనిషి తన కోరికతో తాను తేల్చుకోవాలి. ఈర్ష్య అయితే ఎదుటి మనిషితో మాట్లాడాలి. మాట్లాడవలసిన చోట తనను తాను తిట్టుకుంటూ కూర్చున్నవారినీ, తనను తాను పరీక్షించుకోవలసిన చోట ఎదుటివారిని నిలదీసినవారినీ మనం తరచూ చూస్తూనే ఉంటాం. కాబట్టి ముందుగా ఏది ఏదో గుర్తుపట్టే పద్ధతినీ, ఆ తర్వాత ఒక్కొక్కదానితో ఎలా వ్యవహరించాలన్నదీ వరుసగా చూద్దాం.

ముందు అర్థాలు స్థిరపరచుకోవాలి

ఈ వ్యాసంలో అసూయ అంటే, మనకు కావాలనిపించి మన దగ్గర లేనిది మరొకరి దగ్గర ఉన్నందువల్ల కలిగే బాధ. దానికి ఇద్దరు మనుషులు చాలు: ఉన్నవారు, లేనివారు. ఈర్ష్య అంటే, మనదని నమ్ముకున్న అనుబంధం లేదా స్థానం మరొకరి వల్ల చేజారిపోతుందేమోనన్న భయం నుంచి పుట్టే బాధ. దానికి ముగ్గురు కావాలి: నేను, నాకు ముఖ్యమైన మనిషి, మా మధ్యకు వచ్చారని నేను అనుకుంటున్న మనిషి. ఆ మూడో స్థానంలో ఎప్పుడూ మనిషే ఉండాలన్న నియమం లేదు. జీవిత భాగస్వామి సమయమంతా తినేస్తున్న ఉద్యోగం మీద, చేతిలోంచి దిగని ఫోను మీద కూడా ఈర్ష్య పుడుతుంది.

వాడుకలో ఈ రెండు మాటలూ కలిసిపోయాయన్నది నిజమే. పాత గ్రంథాలలో సైతం పరుల సంపదను ఓర్చుకోలేకపోవడాన్ని ‘ఈర్ష్య’ అన్న చోట్లు ఉన్నాయి. సంస్కృత నిఘంటువు అమరకోశం ఈర్ష్యకు ‘అక్షాంతి’, అంటే ఓర్వలేకపోవడం, అని అర్థం చెప్పి, అసూయను మాత్రం వేరుచేసి ‘గుణాలలో సైతం దోషాన్ని ఆరోపించడం’ అని నిర్వచించింది. ఈ రెండో నిర్వచనం ఎంత సూక్ష్మమైనదో ముందు ముందు తెలుస్తుంది. పాణిని వ్యాకరణంలో కోపం, ద్రోహం, ఈర్ష్య, అసూయ అనే నాలుగు అర్థాల ధాతువులకూ కలిపి ఒక సూత్రం ఉంది. ఎవరి మీద కోపమో వారిని తెలిపే పదానికి చతుర్థీ విభక్తి వస్తుందని దాని భావం. ఈ సూత్రానికి సుమారు 7వ శతాబ్దంలో వచ్చిన కాశికా వృత్తి అనే వ్యాఖ్య ఒక ప్రత్యుదాహరణ, అంటే సూత్రం వర్తించని ఉదాహరణ, ఇస్తుంది: ఒకడు తన భార్యను మరొకడు చూడకూడదని ఈర్ష్య పడుతున్నాడు, అక్కడ కోపం భార్య మీద కాదు కనుక ఆ పదానికి చతుర్థి రాదు, ద్వితీయే వస్తుంది. విభక్తి గురించి చెబుతూ వ్యాఖ్యాతలు మనసులోని ముగ్గురు మనుషుల చిత్రాన్ని ఎంత చక్కగా పట్టుకున్నారో గమనించండి. ఈర్ష్య అన్న మాటను ఆ ముగ్గురి బాధకు ప్రత్యేకించడానికి నాకు ఆ ఉదాహరణే ఆధారం.

అచ్చ తెలుగు మాటలు ఈ విషయంలో ఇంకా స్పష్టంగా ఉన్నాయి. కుళ్ళు, కడుపుమంట, కన్నుకుట్టడం, కళ్ళలో నిప్పులు పోసుకోవడం, ఇవన్నీ ఎదుటివారి కలిమిని చూసి కలిగే బాధకే వాడతాం, అంటే అసూయకు. ‘సవతి మత్సరం’ అన్నప్పుడు మాత్రం ఒక మనిషి ప్రేమ కోసం ఇద్దరి మధ్య నడిచే పోరు మన కళ్ళకు కడుతుంది, అది ఈర్ష్య. ఇంద్రప్రస్థంలో ధర్మరాజు సిరిసంపదలు చూసి వచ్చి, తనకూ రాజ్యం ఉండి కూడా తిండీ నిద్రా మానుకున్న దుర్యోధనుడిది అసూయ. పారిజాత పుష్పం రుక్మిణికి చేరిందని విని సత్యభామ అలిగినప్పుడు ఆమె బాధ ఆ పువ్వు గురించి కాదు, కృష్ణుడి మనసులో తన చోటు గురించి. ఆమెది ఈర్ష్య. నేటి కాలంలో ‘పొసెసివ్‌గా ఉంటాడు’ అని జనం అంటున్నది కూడా ఈ రెండో కోవలోకే వస్తుంది.

గుర్తుపట్టడానికి వేసుకోవలసిన ప్రశ్నలు

బాధ తీవ్రంగా ఉన్న క్షణంలో ఈ ప్రశ్నలు వేసుకోకండి, ఎందుకంటే అప్పుడు వచ్చే జవాబులన్నీ ఎదుటివారి తప్పుల జాబితాలాగే ఉంటాయి. ఒక రాత్రి గడిచాక, ఒంటరిగా ఉన్నప్పుడు, వీలైతే కాగితం మీద రాసుకుంటూ వేసుకోవడం మంచిది.

అన్నింటికంటే ఎక్కువగా పనికివచ్చేది రెండు ఊహల పరీక్ష. మొదటి ఊహ ఇది: వారి దగ్గర ఉన్నది వారి దగ్గరే ఉంది, అలాంటిదే మీకూ దొరికింది. ఇప్పుడు మనసు కుదుటపడుతుందా? పడితే మీది అసూయ, అందులోనూ ప్రమాదం తక్కువైన రకం. కుదుటపడకుండా, ‘నాకు దొరకడం సరే, వారికి మాత్రం ఉండకూడదు’ అనిపిస్తే అది కూడా అసూయే, కానీ చెడ్డ రకం. రెండో ఊహ ఇది: మీకు ముఖ్యమైన ఆ మనిషి మీ దగ్గరకు వచ్చి, మీ చోటు ఎక్కడికీ పోదని, మీకు పూర్తి నమ్మకం కలిగేలా చెప్పారు, ఆ మూడో వ్యక్తి మాత్రం ఎక్కడున్నవారు అక్కడే ఉన్నారు. ఇప్పుడు బాధ తగ్గుతుందా? తగ్గితే అది ఈర్ష్య. అసూయపడుతున్న మనిషికి ఈ రెండో ఊహ ఏ ఉపశమనమూ ఇవ్వదు, ఎందుకంటే పోతుందని అతను భయపడుతున్నది ఏదీ లేదు. ఈర్ష్యపడుతున్న మనిషికి మొదటి ఊహ అసలు అర్థమే కాదు. ‘అలాంటి స్నేహితురాలు మరొకరు దొరుకుతారు’ అని చెబితే ఆమె మనసు ఇంకా నొచ్చుకుంటుంది.

ఆ తర్వాత, కోపం ఎవరి మీద ఉందో చూడండి. అసూయలో చూపంతా ఒక్కరి మీదే నిలిచి ఉంటుంది, అంటే ఆ వస్తువో ప్రతిభో పేరో ఉన్న మనిషి మీద. ఈర్ష్యలో అది రెండుగా చీలుతుంది: మధ్యకు వచ్చినవారి మీద కొంత, మనవారే అయి ఉండి అటు మొగ్గుతున్నవారి మీద మరికొంత. నిజానికి చాలాసార్లు ఈ రెండో వాటాయే పెద్దది. మీ మనసులో పదే పదే నడిచే ఊహా సంభాషణలో మీరు ఎవరితో పోట్లాడుతున్నారో గమనిస్తే చాలు, జవాబు సగం దొరుకుతుంది.

మూడవది, ఆ బాధ రుచి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు గెరాడ్ పారట్, రిచర్డ్ స్మిత్ 1993లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పాల్గొన్నవారు తమ అనుభవాలను గుర్తుతెచ్చుకుని వర్ణించగా, రెండు భావాల మధ్య తేడా స్పష్టంగా బయటపడింది. అసూయలో తాను తక్కువన్న భావన, లేనిదాని కోసం తపన, ఎదుటివారి మీద అక్కసు, ఇలా అనిపించడమే తప్పన్న సిగ్గు కనిపించాయి. ఈర్ష్యలో పోగొట్టుకుంటానన్న భయం, అపనమ్మకం, ఆందోళన, కోపం కనిపించాయి. ఈ పరిశోధకులే చెప్పిన ఇంకొక సంగతి కూడా ముఖ్యమైనది: మామూలుగా ఈర్ష్యే ఎక్కువ తీవ్రంగా ఉంటుంది కాబట్టి, కేవలం బరువు తూచి చూస్తే ఈ గుణాత్మకమైన తేడా కంటికి కనబడదు. అందుకే ‘ఎంత బాధగా ఉంది’ అని అడగకండి. ‘ఎలాంటి బాధ’ అని అడగండి. మనసు కుంగిపోయినట్లుందా, లేక కాపలా కాస్తున్నట్లుందా? కుంగుబాటు అసూయ లక్షణం. మాటిమాటికీ తలుపు వైపు చూడడం, ఎదుటివారి గొంతులోని మార్పును కూడా లెక్కపెట్టడం ఈర్ష్య లక్షణం.

అసూయ వేసుకునే వేషాలు

పై ప్రశ్నలతో ఈర్ష్యను పట్టుకోవడం అంత కష్టం కాదు, ఎందుకంటే మనిషి దాన్ని ఒప్పుకుంటాడు. ప్రేమకు నిదర్శనంగా గర్వంగా చెప్పుకునేవారు కూడా ఉన్నారు. అసూయను మాత్రం దాదాపు ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకుంటే తాను తక్కువని ఒప్పుకున్నట్లు, పైగా తన మనసు మంచిది కాదని కూడా ఒప్పుకున్నట్లు. అందువల్ల అది ఎప్పుడూ మరో వేషంలోనే మన ముందుకు వస్తుంది.

అన్నింటికంటే పాత వేషం విమర్శ. గుణంలో దోషాన్ని వెతకడమే అసూయ అని నిఘంటుకారుడు చెప్పింది దీని గురించే. ఒకరి దానగుణాన్ని ప్రచార కాంక్ష అనడం, కష్టపడి చదివినవారిని బట్టీ పట్టారనడం, మితభాషిని పొగరుబోతు అనడం ఈ కోవలోవి. మీ మాటల్లో దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న గుర్తు ఉంది. ఫలానా వ్యక్తి గురించి మాట్లాడినప్పుడల్లా ‘బాగానే చేశారు, కానీ’ అన్న రూపంలోనే వాక్యం వస్తోందా? ఇతరుల విషయంలో రాని ఆ ‘కానీ’ ఆ ఒక్కరి విషయంలోనే తప్పకుండా వస్తూ ఉంటే, అక్కడ ఆగి చూసుకోవాలి.

ఇంకొక వేషం న్యాయం. ‘నాకేమీ బాధ లేదు, అర్హత లేనివారికి దక్కిందన్నదే నా బాధ’ అని మనకు మనం చెప్పుకుంటాం. ఇది ఒక్కోసారి నిజమే కూడా. అన్యాయం మీద వచ్చే ఆగ్రహాన్ని అసూయ అని కొట్టిపారేయడం మరో అన్యాయం. అరిస్టాటిల్ సైతం అర్హత లేనివారి భాగ్యం చూసి కలిగే ఆగ్రహాన్నీ, సాటివారి భాగ్యం చూసి కలిగే అసూయనూ వేరువేరుగానే వివరించాడు. తేల్చుకోవడానికి దారి ఇది: ఇదే సంగతి మీకు ఏ సంబంధమూ లేని రంగంలో, మీరెన్నడూ చూడని ఇద్దరి మధ్య జరిగిందనుకోండి. అప్పుడూ ఇంత కోపం వస్తుందా? వస్తే మీది న్యాయాగ్రహం, దాన్ని చెప్పవలసిన చోట చెప్పండి. అక్కడ చల్లగా ఉండి, ఇక్కడ మాత్రమే మండుతూ ఉంటే, మంటకు కారణం న్యాయం ఒక్కటే కాదు.

మూడో వేషం చాలామంది దృష్టికి రాదు. అసూయ కొన్నిసార్లు ఈర్ష్య దుస్తులు వేసుకుంటుంది, ఎందుకంటే రెండింటిలో ఈర్ష్యకే కొంచెం పరువు ఎక్కువ. తమ్ముడికి పేరు ప్రతిష్ఠలు వచ్చాక, ‘వాడు మమ్మల్ని మరచిపోయాడు’ అని అన్న నొచ్చుకుంటాడు. తమ్ముడు ఎప్పటిలాగే ఫోను చేస్తున్నాడు, ఎప్పటిలాగే ఇంటికి వస్తున్నాడు. అయినా ఆ ఫిర్యాదు ఆగదు. రెండో ఊహ పరీక్ష ఇక్కడ నిజాన్ని బయటపెడుతుంది: తమ్ముడు వచ్చి ఎంత ఆప్యాయత చూపినా అన్న మనసు తేలికపడదు, ఎందుకంటే అతనికి కావలసింది ఆప్యాయత కాదు.

రెండూ కలిసి ఉన్నప్పుడు

నిజ జీవితంలో ఈ రెండూ చాలాసార్లు కలిసే వస్తాయి. మన మనిషి ఎవరి వైపు మొగ్గుతున్నారో వారు మనకంటే తెలివైనవారో అందమైనవారో అని తోచినప్పుడు, ఈర్ష్య లోపలే అసూయ కూడా చేరుతుంది. అప్పుడు విడదీయడానికి రెండు వాక్యాలు పూర్తి చేయండి. ఒకటి: ‘వారి దగ్గర ఉండి నా దగ్గర లేనిది ఫలానా.’ రెండు: ‘నా నుంచి పోతుందని నేను భయపడుతున్నది ఫలానా.’ రెండు ఖాళీలూ నిండితే, ఏ ఖాళీ నింపేటప్పుడు చేయి వణికిందో అదే అసలు బాధ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంస్థలో పదేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగినిని ఊహించుకోండి. ఏ చిక్కు వచ్చినా పై అధికారి ఆమెనే పిలిచి సలహా అడిగేవారు. కొత్తగా ఒక యువకుడు చేరాడు; అతనికి ఈమెకు తెలియని సాఫ్ట్‌వేర్లు కొన్ని తెలుసు. క్రమంగా పిలుపులు అతనికి వెళ్లడం మొదలైంది. ఆమె తన బాధకు అసూయ అని పేరు పెట్టుకుని, సిగ్గుపడి, సాయంత్రాలు కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్లన్నీ నేర్చుకుంది. ఆరు నెలల్లో అతనితో సమానంగా వచ్చింది, కానీ బాధ అలాగే ఉంది. ఎందుకంటే ఆమెకు కావలసింది ఆ నైపుణ్యం కాదు, ‘ఈ విషయంలో మీరేమంటారు’ అన్న ఆ పిలుపు. మొదటి రోజే ఆ సంగతి గుర్తించి ఉంటే, ఆమె నేరుగా అధికారితో కూర్చుని, ఇకపై తన పాత్ర ఏమిటని అడిగి ఉండేది. ఆ ఒక్క సంభాషణ ఆరు నెలల చదువు చేయలేని పని చేసేది. నేర్చుకున్నది వృథా అని నేను అనడం లేదు. బాధకు మందుగా అది పనికిరాలేదని అంటున్నాను.

చిన్నపిల్లల విషయంలో కూడా ఈ పొరపాటు జరుగుతుంది. తోబుట్టువు పుట్టగానే పెద్ద బిడ్డ మారాం చేస్తే, ‘చెల్లికి కొన్నవాటి మీద కన్ను పడింది’ అనుకుని అలాంటివే మరికొన్ని కొనిస్తారు. ఆ బిడ్డ పోగొట్టుకుంటున్నానని భయపడుతున్నది తల్లి ఒడిని. ఈ భయం ఎంత తొందరగా మొదలవుతుందో 2002లో సిబిల్ హార్ట్, హెదర్ క్యారింగ్టన్ ప్రచురించిన పరిశోధన చూపింది: తల్లి తమను పట్టించుకోకుండా నిజమైన పాపలా కనిపించే బొమ్మను లాలించినప్పుడు, ఆరు నెలల పసివారు తల్లి పుస్తకం చూస్తున్నప్పటి కంటే ఎక్కువగా కలత చెందారు. కాబట్టి అక్కడ కావలసింది బొమ్మ కాదు, రోజూ కొంతసేపు ఆ బిడ్డ ఒక్కరికే కేటాయించిన సమయం.

అసూయ అని తేలితే

ముందుగా దాన్ని మరీ పెద్ద నేరంగా భావించకండి. అరిషడ్వర్గంలో మాత్సర్యం చేరిందంటే, అది మనుషులందరిలోనూ ఉండేదని పెద్దలు గుర్తించారనే అర్థం. పోల్చుకోవడం మనసు స్వభావం. తన సామర్థ్యాన్ని కొలవడానికి నిర్దిష్టమైన కొలబద్ద లేనప్పుడు మనిషి తనవంటివారితో పోల్చుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లో ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. ఆ ‘తనవంటివారు’ అన్నదే కీలకం. ఎక్కడో ఉన్న చక్రవర్తి మీద ఎవరికీ కన్నుకుట్టదు. తనతో చదివిన, తన వయసు, తన వృత్తిలోని మనిషి మీద కుడుతుంది. కుమ్మరికి కుమ్మరి మీదే కినుక అని ప్రాచీన గ్రీకులు చెప్పుకున్నది ఇదే. అందువల్ల మీ అసూయ ఎవరి మీద ఉందో చూస్తే, మిమ్మల్ని మీరు ఎవరితో సమానులుగా భావిస్తున్నారో, ఏ రంగంలో గెలవాలని మీ మనసు లోలోపల కోరుకుంటోందో తెలుస్తుంది. నా దృష్టిలో అసూయ వల్ల కలిగే ఏకైక మేలు ఇదే, దాన్ని వదులుకోకూడదు.

తర్వాత, కోరుకుంటున్నది కచ్చితంగా ఏమిటో చిన్న ముక్కల్లోకి తెచ్చుకోండి. ‘ఆమె జీవితం మీద అసూయగా ఉంది’ అనుకున్నంత కాలం ఏమీ చేయలేరు. ఆమె రచనలు అచ్చవుతున్నాయనా? ఆమెకు ఖాళీ సమయం ఉందనా? ఆమె మాటకు ఇంట్లో విలువ ఉందనా? ముక్క దొరికాక, దానితో పాటు వచ్చే మూల్యాన్ని కూడా కలిపి చూడండి. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన చేయడం, పదేళ్లు పేరు లేకుండా పనిచేయడం, కుటుంబానికి దూరంగా ఉండడం, ఇవన్నీ కలిపి ఇస్తే తీసుకుంటారా? చాలాసార్లు మనసు అక్కడే వెనక్కు తగ్గుతుంది, మంట కూడా దానితోనే చల్లారుతుంది. సోషల్ మీడియాలో ఇతరుల బతుకులు చూసి కలిగే అసూయకు ఈ ఒక్క ప్రశ్నే సగం మందు, ఎందుకంటే అక్కడ ఫలితం కనిపిస్తుంది, దానికి చెల్లించిన మూల్యం కనిపించదు.

మూల్యం చెల్లించడానికి కూడా సిద్ధమే అనిపిస్తే, ఆ అసూయను ప్రయత్నంగా మార్చుకునే వీలుంది. డచ్చి భాషలో ఎదుటివారి స్థాయికి ఎదగాలనిపించే అసూయకు ‘బెనైడెన్’ అనీ, ఎదుటివారిని కిందికి లాగాలనిపించే అసూయకు ‘అఫ్‌గున్‌స్ట్’ అనీ వేరువేరు మాటలున్నాయి. నీల్స్ వాన్ డె వెన్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధన, అలా రెండు మాటలు లేని భాషల వారి అనుభవంలో కూడా ఈ రెండు రకాలూ విడివిడిగా కనిపిస్తాయని చూపింది. ఎదుటివారు తమ ఫలితానికి అర్హులనీ, తానూ ప్రయత్నిస్తే సాధించగలననీ అనిపించినచోట మొదటి రకం పుడుతుంది; అర్హత లేదనిపించినచోట రెండోది. కాబట్టి వారు ఎంత కష్టపడ్డారో నిజాయితీగా తెలుసుకోవడం, వీలైతే వారినే అడగడం, మర్యాద కోసం చేసే పని కాదు. మనలోని అసూయ రకాన్ని మార్చే పని. ‘ఇది మీరు ఎలా సాధించారు?’ అన్న ప్రశ్న నోటి నుంచి రావడం మొదట చాలా కష్టంగా ఉంటుంది. వచ్చాక మాత్రం ఎదుటి మనిషి ప్రత్యర్థిగా ఉండడం మానేసి, దారి తెలిసినవారుగా మారతారు.

కోరుకున్నది ఇక ఎన్నటికీ దొరకనిదైతే, ఉదాహరణకు గడిచిపోయిన వయసో, కలగని సంతానమో, చేజారిన ఆరోగ్యమో అయితే, ప్రయత్నించమని చెప్పడం క్రూరత్వం అవుతుంది. అక్కడ అసూయ వెనుక ఉన్నది దుఃఖం. దాన్ని దుఃఖంగానే గుర్తించి ఏడవనివ్వాలి, నమ్మకమైన ఒకరితో చెప్పుకోవాలి, అవసరమైతే కొంతకాలం ఆ లోటును గుర్తుచేసే వేడుకలకు దూరంగా ఉండాలి. అలా దూరంగా ఉండడం ఓర్వలేనితనం కాదు.

ఎదుటివారి మేలును మనసారా కోరే అభ్యాసం కూడా చేయదగ్గదే. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రినీ, పుణ్యశీలుర పట్ల ముదితను, అంటే సంతోషాన్నీ అలవరచుకుంటే చిత్తం నిర్మలమవుతుందని పతంజలి యోగసూత్రం చెబుతుంది. ఆ మైత్రి ఈర్ష్య అనే మకిలినీ, ఆ ముదిత అసూయ అనే మకిలినీ కడిగివేస్తాయని వాచస్పతి మిశ్రుడు వ్యాఖ్యానించాడు. ఇక్కడ ఈర్ష్య అన్నది పాత గ్రంథాల అర్థంలో, అంటే పరుల సుఖాన్ని ఓర్వలేకపోవడం. ఆచరణలో దీన్ని చిన్నగా మొదలుపెట్టాలి. ‘చాలా బాగుంది’ అన్న పొడి మెచ్చుకోలుతో ఏమీ కాదు. వారు చేసిన పనిలో మీకు నిజంగా నచ్చిన ఒక్క అంశాన్ని ఎంచుకుని, దాన్ని పేరు పెట్టి చెప్పండి. అబద్ధం చెప్పనక్కరలేదు, గుణంలో దోషం వెతికే అలవాటుకు, గుణంలో గుణాన్నే చూడడం సరిగ్గా ఎదురు నడక.

ఒక్క హెచ్చరిక. మీరు అసూయపడుతున్న మనిషికి ఏదైనా కీడు జరిగినప్పుడు లోలోపల ఒక చిన్న ఊరట కలగవచ్చు. జపాన్‌లో హిదెహికో తకహాషి బృందం 2009లో మెదడు చిత్రణతో చేసిన ప్రయోగంలో, అసూయ కలిగినప్పుడు నొప్పితో సంబంధమున్న ప్రాంతమూ, అసూయపడ్డ మనిషికి కీడు జరిగిందని చదివినప్పుడు ప్రతిఫలానందంతో సంబంధమున్న ప్రాంతమూ చురుకుగా పనిచేశాయి. ఆ ఊరట కలిగినందుకు బెంబేలు పడనక్కరలేదు, కానీ దాన్ని మరొకరితో పంచుకోకండి. పంచుకున్న క్షణం నుంచి అది ఒక భావంగా ఉండదు, ఒక పనిగా మారుతుంది.

ఈర్ష్య అని తేలితే

ఇక్కడ మొదటి పని, తెలిసినదాన్నీ ఊహించినదాన్నీ వేరుచేయడం. ‘నిన్న రాత్రి పదింటికి ఇంటికి వచ్చాడు’ అన్నది తెలిసినది. ‘నాతో ఉండడం ఇష్టం లేక ఆలస్యం చేశాడు’ అన్నది ఊహించినది. ఈర్ష్య మొదటి వాక్యం నుంచి రెండోదానికి ఎంత వేగంగా దూకుతుందంటే, మధ్యలో దూకామన్న సంగతే మనకు గుర్తుండదు.

తర్వాత మాట్లాడాలి, దాచుకోకూడదు. మాట్లాడేటప్పుడు ఎదుటివారి నడవడిని తీర్పు తీర్చకుండా, మీ భయాన్నీ మీకు కావలసినదాన్నీ చెప్పండి. ‘నీకు ఇప్పుడు ఆవిడే ముఖ్యం’ అంటే జవాబుగా వాదన వస్తుంది. ‘ఈ మధ్య మనం కలిసి కూర్చుని మాట్లాడుకోవడం తగ్గింది, నాకు దిగులుగా ఉంది, వారంలో ఒక సాయంత్రం మనకోసం ఉంచుకుందామా’ అంటే జవాబుగా మనిషి దొరికే అవకాశం ఉంది. అడిగేది తీర్చగలిగినదిగా, లెక్కకు అందేదిగా ఉండాలి. ‘వారితో మాట్లాడడం మానెయ్’ అన్నది అభ్యర్థన కాదు, ఆంక్ష. అది ఈర్ష్యను తగ్గించదు, ఎందుకంటే రేపు మరొకరు ఎదురవుతారు.

ఫోను తీసి చూడడం, ఎక్కడున్నావని గంటకోసారి అడగడం, మూడో మనుషుల ద్వారా ఆరా తీయడం పూర్తిగా మానుకోవాలి. చూసిన ప్రతిసారీ కొద్దిసేపు ఊరట కలుగుతుంది. ఆ ఊరటే మళ్లీ చూడమని ప్రేరేపిస్తుంది, చూడకపోతే భరించలేనన్న నమ్మకాన్ని గట్టిపరుస్తుంది. చూడాలనిపించినప్పుడు ఒక పావుగంట వాయిదా వేయడంతో మొదలుపెట్టండి.

అయితే ప్రతి ఈర్ష్యా అనుమానపు జబ్బు కాదు. మాట తప్పడం, అబద్ధం చెప్పడం, దాచడం నిజంగా జరిగి ఉంటే, మీ భయం మీకు సరైన సమాచారమే ఇస్తోంది. అప్పుడు ‘నేనే అతిగా ఆలోచిస్తున్నాను’ అని నోరు నొక్కుకోవడం తగదు. దీనికి పూర్తిగా ఎదురుగా, ఏ ఆధారమూ లేకుండా భాగస్వామి ద్రోహం చేస్తున్నారన్న నమ్మకం స్థిరపడి, ఎంత నచ్చజెప్పినా కదలకపోతే, అది వైద్యం అవసరమైన స్థితి. మనోవైద్యులు దాన్ని ఓథెల్లో సిండ్రోమ్ అని కూడా అంటారు. మద్యానికి బానిసైనవారిలోనూ, కొన్ని మెదడు వ్యాధుల్లోనూ ఇది కనిపిస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి రుజువులు చూపుతూ కూర్చోవడం వల్ల ఫలితం ఉండదు, మనోవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ఈర్ష్య పేరుతో మిమ్మల్ని ఎవరైనా బయటికి వెళ్లనివ్వకపోయినా, బెదిరించినా, చేయి చేసుకున్నా, దాన్ని ప్రేమగా అర్థం చేసుకోవద్దు. ముందు మీ భద్రత చూసుకోండి, నమ్మకమైన ఒకరికి ఆ సంగతి తెలియజేయండి.

ఎదుటి మనిషిలో కనిపించినప్పుడు

ఇంతవరకూ మన మనసు గురించే చెప్పుకున్నాం. మీరే మరొకరి బాధకు కారణమని తెలిసినప్పుడు కూడా ఇదే తేడా దారి చూపుతుంది. ఈర్ష్యపడుతున్న స్నేహితురాలికి మీరు చేయగలిగింది చాలా ఉంది: మీ కొత్త పరిచయాన్ని దాచకుండా ఆమెకూ పరిచయం చేయవచ్చు, ఆమెకు ఇచ్చే సమయాన్ని తగ్గించకుండా చూసుకోవచ్చు, అడగకముందే ఒక మాట చెప్పవచ్చు. అసూయపడుతున్నవారికి చేయగలిగింది తక్కువ. మీ విజయాన్ని తక్కువ చేసి చెప్పుకుంటే వారికి అది జాలిలా వినిపిస్తుంది. కాబట్టి అడిగితే మీరు నడిచిన దారిని, పడిన కష్టంతో సహా, దాచకుండా చెప్పండి. ఎవరైనా మీ పనిలో తప్పు చూపినప్పుడు మాత్రం ‘వారికి నా మీద అసూయ’ అన్న ముద్ర వెంటనే వేయకండి. ముందు ఆ తప్పు నిజంగా ఉందేమో చూసుకుని, ఉంటే దిద్దుకోండి.